ఒకే మానిటర్, ఒకే కీబోర్డు, ఒకే మౌస్: రెండు కంప్యూటర్లకు ఎలా వాడుకోవాలి

ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ ఒకటి, సొంత డెస్క్‌టాప్ ఇంకొకటి, రెండూ పెట్టుకోవడానికి టేబుల్ మాత్రం ఒకటే. వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలయ్యాక చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. రెండు మానిటర్లు, రెండు కీబోర్డులు పెట్టేంత చోటు ఉండదు, ఉన్నా ఆ వైర్ల గందరగోళం భరించలేం, పైగా డబ్బు పెట్టి మంచి మానిటర్ కొనుక్కున్నాక అది ఒక్క కంప్యూటర్‌కే పరిమితమైతే మనసొప్పదు. అలాగని రోజూ పొద్దున ఒకదాని వైరు పీకి ఇంకోదానికి పెడుతూ కూర్చుంటే కొన్నాళ్లకు లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ సాకెట్ వదులైపోతుంది, దాన్ని బాగుచేయించడం అన్నిటికన్నా ఖరీదు.

ఏ కంప్యూటర్ షాపులో అడిగినా "కేవీఎం స్విచ్ తీసుకోండి సార్" అంటారు. కీబోర్డు, వీడియో, మౌస్ మూడింటినీ ఒకే బటన్‌తో ఈ కంప్యూటర్ నుంచి ఆ కంప్యూటర్‌కు మార్చే డబ్బా అది. మంచి వస్తువే, కానీ నా సలహా ఏమిటంటే అది చివర్లో ఆలోచించండి. తక్కువ ధర కేవీఎంలలో వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం వీడియోతోనే వస్తాయి: స్క్రీన్ నల్లగా అయిపోవడం, రిజల్యూషన్ పడిపోవడం, తెరిచి ఉంచిన విండోలన్నీ చెల్లాచెదురవడం. కీబోర్డు, మౌస్ మార్చడం మాత్రం చాలా తేలిక, చవక కూడా. కాబట్టి వీడియో మార్చే పని మానిటర్‌కే వదిలేసి, కీబోర్డు, మౌస్ వరకు చిన్న స్విచ్ పెట్టుకుంటే చాలామందికి అంతకుమించి అవసరం ఉండదు.

ముందు మానిటర్ వెనక చూడండి

మానిటర్‌ను కాస్త తిప్పి వెనక ఎన్ని సాకెట్లు ఉన్నాయో చూడండి. హెచ్‌డీఎంఐ రెండుండొచ్చు, లేదా ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లే పోర్ట్, పాతదైతే ఒక హెచ్‌డీఎంఐ, ఒక వీజీఏ. ఏవైనా సరే, వీడియో తీసుకునే సాకెట్లు రెండుంటే మీ పని సగం అయిపోయినట్టే. ఒకదానికి లాప్‌టాప్, ఇంకోదానికి డెస్క్‌టాప్ కలిపేసి, మానిటర్ కింద గానీ వెనక గానీ ఉండే బటన్ల మెనూలో ఇన్‌పుట్ సోర్స్ అనేదాన్ని మారుస్తూ ఉంటే ఏది కావాలంటే అది కనిపిస్తుంది. చాలా మానిటర్లలో ఈ ఇన్‌పుట్ మార్పును ఒక షార్ట్‌కట్ బటన్‌కు కేటాయించుకోవచ్చు, మెనూలోకి వెళ్లి ఒక్కసారి పెట్టేసుకోండి, రోజూ వెతుక్కునే పని తప్పుతుంది.

వైర్లు కలిపేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే మానిటర్ వైరు ఆ కార్డ్‌కే పెట్టాలి, పైన మదర్‌బోర్డు దగ్గరుండే సాకెట్‌కు కాదు. లాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ లేక టైప్ సి మాత్రమే ఉంటే, ప్రతి టైప్ సి పోర్టూ వీడియో ఇవ్వదని గుర్తుంచుకోండి. కొన్ని చార్జింగ్‌కు, డేటాకు మాత్రమే పనిచేస్తాయి, కాబట్టి వైరు కొనేముందు మీ మోడల్ వివరాల్లో డిస్‌ప్లే పోర్ట్ ఆల్ట్ మోడ్ గానీ థండర్‌బోల్ట్ గానీ ఉందో లేదో చూడండి.

అందరూ ఇరుక్కునేది కన్వర్టర్ల దగ్గర. ఇవి ఎక్కువగా ఒకవైపే పనిచేస్తాయి. కంప్యూటర్ డిస్‌ప్లే పోర్ట్ నుంచి మానిటర్ హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు వైరును తిప్పి, కంప్యూటర్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ డిస్‌ప్లే పోర్ట్‌కు పెడితే బొమ్మ రాదు, దానికి యాక్టివ్ కన్వర్టర్ అని విడిగా ఉంటుంది. హెచ్‌డీఎంఐ, వీజీఏ మధ్య కూడా అంతే. షాపులో "ఇది అన్నిటికీ పనిచేస్తుంది" అంటే నమ్మి తెచ్చుకోకండి, కంప్యూటర్‌కు ఏ సాకెట్ ఉంది, మానిటర్‌కు ఏ సాకెట్ ఉంది అని రెండూ చెప్పి అడగండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లయితే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కడే పెట్టి చూసుకుని కొనడం ఉత్తమం.

కీబోర్డు, మౌస్ మార్చే స్విచ్

దీన్ని యూఎస్‌బీ స్విచ్ అంటారు, కొన్నిచోట్ల యూఎస్‌బీ షేరింగ్ స్విచ్ అని అమ్ముతారు. యూఎస్‌బీ హబ్ వేరు, ఇది వేరు, ఆర్డర్ చేసేటప్పుడు బొమ్మ సరిగ్గా చూడండి. హబ్‌కు కంప్యూటర్ వైపు వెళ్లే వైరు ఒకటే ఉంటుంది, స్విచ్‌కు రెండుంటాయి. ఒక వైరు లాప్‌టాప్‌కు, ఒకటి డెస్క్‌టాప్‌కు, ముందువైపు నాలుగు పోర్టుల్లో కీబోర్డు, మౌస్, ఇంకేవైనా. పైన బటన్ నొక్కితే అన్నీ కలిసి అటునుంచి ఇటు వస్తాయి. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, అందుకే ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసు లాప్‌టాప్‌కు ఇది బాగా కుదురుతుంది. పెన్‌డ్రైవ్‌లు బ్లాక్ చేసిన లాప్‌టాప్‌లలో కూడా కీబోర్డు, మౌస్ మామూలుగా పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ ఆపేది నిల్వ చేసే పరికరాలను మాత్రమే. అయితే కొన్ని కంపెనీలు బయటి పరికరాలేవీ పెట్టకూడదని రాసి మరీ ఉంచుతాయి, అలాంటి చోట ఐటీ వాళ్లను ఒక మాట అడిగి పెట్టుకోండి.

కీబోర్డు, మౌస్ మాత్రమే అయితే యూఎస్‌బీ 2.0 స్విచ్ సరిపోతుంది. వెబ్‌క్యామ్, హార్డ్ డిస్క్ కూడా పెడతామంటే 3.0 తీసుకుని, విడిగా కరెంటు అడాప్టర్ పెట్టుకునే వీలున్నది చూడండి. హెడ్‌సెట్‌ను ఈ స్విచ్‌కు పెట్టకపోవడమే మంచిది. మీటింగ్ మధ్యలో రెండో కంప్యూటర్‌లో ఏదో చూద్దామని బటన్ నొక్కితే హెడ్‌సెట్ కూడా అటు వెళ్లిపోతుంది, ఇక్కడ మీ గొంతు అవతలివాళ్లకు వినపడదు. దాన్ని నేరుగా ఆఫీసు లాప్‌టాప్‌కే ఉంచండి.

వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ ఉన్నవాళ్లు ఆ చిన్న రిసీవర్‌ను స్విచ్‌కు పెడితే సరి. మౌస్ ఆగి ఆగి కదులుతుంటే దానికి కారణం సాధారణంగా పక్కన ఉన్న యూఎస్‌బీ 3.0 పరికరం. 3.0 పోర్టులు, వైర్ల నుంచి వచ్చే రేడియో రొద ఈ రిసీవర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం రాసింది. విరుగుడు చాలా తేలిక, ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని రిసీవర్‌ను స్విచ్‌కు దూరంగా, మౌస్‌కు దగ్గరగా పెట్టండి.

అసలు స్విచ్ కూడా వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. లాజిటెక్ కే380 లాంటి బ్లూటూత్ కీబోర్డులు మూడు పరికరాలను గుర్తుపెట్టుకుంటాయి, పైన మూడు బటన్లలో ఒకటి నొక్కితే ఆ కంప్యూటర్‌కు వెళ్తుంది. మౌస్‌లలో కూడా అలాంటివి ఉన్నాయి, బటన్ అడుగున ఉంటుంది. టేబుల్ మీద ఒక్క వైరు లేకుండా పని జరుగుతుంది. చిక్కల్లా కీబోర్డుకు ఒకసారి, మౌస్‌కు ఒకసారి, మానిటర్‌కు ఒకసారి బటన్ నొక్కాలి. రోజుకు రెండుసార్లు మార్చేవాళ్లకు ఇది ఫర్వాలేదు, గంటకు పదిసార్లు మార్చేవాళ్లకు విసుగొస్తుంది. ఇంకో సంగతి, డెస్క్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగ్స్ తెర) వెళ్లాలంటే బ్లూటూత్ కీబోర్డు సాధారణంగా పనిచేయదు, కాబట్టి పాత వైరు కీబోర్డును పారేయకుండా అటక మీదైనా ఉంచండి.

బటన్ ఒకటే నొక్కేలా చేయడం

నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే. స్విచ్ బటన్ నొక్కగానే మానిటర్ కూడా దానంతటదే మారిపోయేలా చేయొచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. మానిటర్ వైరులోంచి బొమ్మ ఒక్కటే కాదు, కంప్యూటర్ ఇచ్చే ఆదేశాలు కూడా వెళ్తాయి, వెలుతురు పెంచు, ఇన్‌పుట్ మార్చు లాంటివి. దీన్ని డీడీసీ సీఐ అంటారు. మానిటర్ మెనూలో ఆ పేరుతో ఒక ఆప్షన్ ఉంటుంది, ముందు దాన్ని ఆన్ చేయండి.

విండోస్‌లో నిర్‌సాఫ్ట్ వాళ్ల కంట్రోల్ మై మానిటర్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే మీ మానిటర్ అర్థం చేసుకునే కోడ్‌లన్నీ కనిపిస్తాయి. వాటిలో 60 అనేది ఇన్‌పుట్ మార్చే కోడ్. దాని విలువ 15 అయితే మొదటి డిస్‌ప్లే పోర్ట్, 17 అయితే మొదటి హెచ్‌డీఎంఐ, 18 అయితే రెండో హెచ్‌డీఎంఐ. ప్రామాణికం ఇదే అయినా కొన్ని మానిటర్లు సొంత అంకెలు వాడతాయి, కాబట్టి మార్చి చూసి మీ మానిటర్‌కు ఏది ఏదో రాసిపెట్టుకోండి. లినక్స్‌లో ఇదే పనికి డీడీసీయుటిల్ ఉంది.

ఇది పనిచేస్తోందని తేలాక, డిస్‌ప్లే స్విచ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ వేసుకోండి, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. ఇది చేసే పని ఒక్కటే: మీరు చెప్పిన యూఎస్‌బీ పరికరం వచ్చిందా, పోయిందా అని కనిపెడుతూ ఉంటుంది, వచ్చినా పోయినా మీరు చెప్పిన ఇన్‌పుట్‌కు మానిటర్‌ను మారుస్తుంది. దాని సెట్టింగ్స్ ఫైల్‌లో మీ కీబోర్డు గుర్తింపు కోడ్ రాయాలి. డివైస్ మేనేజర్‌లో కీబోర్డు ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ వరకు వెళ్తే వీఐడీ, పీఐడీ అని నాలుగేసి అక్షరాల కోడ్‌లు రెండు కనిపిస్తాయి, అవే. మామూలుగా రెండు కంప్యూటర్లలోనూ దీన్ని వేసుకోవాలి, కానీ ఆఫీసు లాప్‌టాప్‌లో వేయనివ్వరు కదా, అప్పుడు మీ సొంత కంప్యూటర్‌లో మాత్రమే వేసి రెండు దిక్కులూ అక్కడే రాయండి: కీబోర్డు వస్తే నా ఇన్‌పుట్, కీబోర్డు పోతే లాప్‌టాప్ ఇన్‌పుట్. తెర మీద తన బొమ్మ లేనప్పుడు కంప్యూటర్ పంపే ఆదేశాన్ని కొన్ని మానిటర్లు పట్టించుకోవు. మీది అలాంటిదే అయితే వెళ్లేటప్పుడు దానంతటదే మారుతుంది, వచ్చేటప్పుడు మాత్రం మానిటర్ బటన్ నొక్కుకోవాలి. లాప్‌టాప్‌కు డాక్ (అదనపు పోర్టులిచ్చే డబ్బా) గానీ కన్వర్టర్ గానీ మధ్యలో ఉంటే కొన్నిసార్లు ఈ ఆదేశాలు అవతలికి చేరవు, అందుకే సొంత డెస్క్‌టాప్ నుంచి చేయడం మరీ మంచిది.

అలాగే మానిటర్ మెనూలో ఆటో సోర్స్ లేదా ఆటో సెలెక్ట్ అనేది ఉంటే ఆపేయండి. లేకపోతే ఒక కంప్యూటర్ నిద్రలోకి వెళ్లగానే మానిటర్ మీరు చెప్పకుండానే రెండోదానికి దూకేస్తుంది.

కేవీఎం నిజంగా ఎప్పుడు కావాలి

మానిటర్‌కు వీడియో సాకెట్ ఒకటే ఉంటే, రెండు మానిటర్లను రెండు కంప్యూటర్లకు పంచాలంటే, మూడు నాలుగు కంప్యూటర్లుంటే, అప్పుడు కేవీఎం కొనాల్సిందే. కొంటే ఇవి చూసి కొనండి. మీ మానిటర్ 4కే అయితే డబ్బా మీద 4కే అని రాసి ఉంటే చాలదు, 60 హెర్ట్జ్ (అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారడం) అని కూడా ఉండాలి. హెచ్‌డీఎంఐ 1.4 వరకే పనిచేసే డబ్బాలు 4కేలో 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి, మౌస్ బాణం ఈడ్చినట్టు కదులుతుంది, గంటసేపు చూస్తే కళ్లు లాగుతాయి. 60 రావాలంటే కంప్యూటర్, వైరు, కేవీఎం, మానిటర్ అన్నీ హెచ్‌డీఎంఐ 2.0 స్థాయిలో ఉండాలి, ఒక్కటి తగ్గినా మొత్తం తగ్గుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కైతే ఈ టెన్షన్ లేదు. వైర్లు వీలైనంత పొట్టివి వాడండి, ఎందుకంటే కంప్యూటర్ నుంచి డబ్బాకు, డబ్బా నుంచి మానిటర్‌కు కలిపి పొడవు రెట్టింపవుతుంది.

రెండోది ఈడీఐడీ ఎమ్యులేషన్. మానిటర్ కలపగానే తన పేరు, రిజల్యూషన్ వంటి వివరాలన్నీ బయోడేటా ఇచ్చినట్టు కంప్యూటర్‌కు ఇస్తుంది, దాన్నే ఈడీఐడీ అంటారు. చవక కేవీఎంలో బటన్ నొక్కగానే ఆ సంబంధం తెగిపోతుంది, మానిటర్ పీకేశారనుకుని కంప్యూటర్ విండోలన్నిటినీ తన తెర మీదకు లాక్కుంటుంది, తిరిగొచ్చేసరికి అన్నీ ఎక్కడెక్కడో ఉంటాయి. ఎమ్యులేషన్ ఉన్న డబ్బా మానిటర్ ఇంకా ఉన్నట్టే నమ్మిస్తుంది కాబట్టి ఈ బాధ ఉండదు. అది లేనివాళ్లు విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగ్స్, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల స్థానాలు గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఉంటుంది, దాన్ని టిక్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

చాలా కేవీఎంలు స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కితే మారతాయి. మీ కీబోర్డు చిన్నదైతే ఆ మీటే ఉండకపోవచ్చు, వేరే మీటలు పెట్టుకునే వీలుందో లేదో ముందే చూడండి. కీబోర్డు గుర్తు, మౌస్ గుర్తు ఉన్న పోర్టుల్లో కొన్ని డబ్బాలు మామూలు మీటలనే పంపుతాయి, వాల్యూమ్ మీటలు, మౌస్ పక్క బటన్లు పనిచేయవు. అప్పుడు వాటిని పక్కనున్న సాదా యూఎస్‌బీ పోర్టుకు మార్చండి, పనిచేస్తాయి, కానీ స్క్రోల్ లాక్ కిటుకు పోతుంది, బటన్ చేత్తో నొక్కుకోవాలి.

మానిటర్ కూడా కొత్తదే కొనబోతుంటే కేవీఎం లోపలే ఉన్నవి చూడండి, డెల్ అల్ట్రాషార్ప్‌లో కొన్ని, గిగాబైట్ ఎం27క్యూ లాంటివి. కీబోర్డు, మౌస్ మానిటర్‌కే పెడతారు, లాప్‌టాప్‌కు టైప్ సి వైరు ఒక్కటే వెళ్తుంది, డెస్క్‌టాప్‌కు వీడియో వైరు, దాంతోపాటు చదరంగా ఉండే పిన్నున్న యూఎస్‌బీ వైరు. ఆ రెండో వైరు పెట్టడం మర్చిపోయి కీబోర్డు పనిచేయట్లేదని కంగారుపడేవాళ్లు చాలామంది. పెట్టాక మెనూలో ఏ ఇన్‌పుట్‌కు ఏ యూఎస్‌బీ అనేది కూడా చెప్పాలి.

సాఫ్ట్‌వేర్‌తో పంచుకోవడం

ఇది కొంచెం వేరే అవసరానికి. లాప్‌టాప్ తెర తెరిచే ఉంటుంది, పక్కన డెస్క్‌టాప్ మానిటర్ ఉంటుంది, రెండు తెరలూ ఒకేసారి కనిపించాలి, మౌస్‌ను అంచు దాటిస్తే అటు వెళ్లాలి. మానిటర్‌ను ఇది పంచదు, కీబోర్డు, మౌస్ మాత్రమే. రెండూ విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో మౌస్ వితౌట్ బోర్డర్స్ ఉంది, ఉచితం, నాలుగు కంప్యూటర్ల వరకు కలుపుతుంది. ఒకదాంట్లో సెక్యూరిటీ కీ తయారుచేసి రెండోదాంట్లో ఆ కీ, మొదటిదాని పేరు టైపు చేస్తే కలిసిపోతాయి. విండోస్, మ్యాక్, లినక్స్ కలగలిపి ఉంటే డెస్క్‌ఫ్లో అనే ప్రోగ్రామ్ వాడండి. పాత వ్యాసాల్లో అందరూ చెప్పే బ్యారియర్ అనే ప్రోగ్రామ్‌ను ఇప్పుడు ఎవరూ చూసుకోవడం లేదు, వేలాండ్ (తెర మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి) మీద నడిచే లినక్స్‌లో అది పనిచేయదు కూడా. రెండూ యాపిల్‌వే అయితే ఏమీ వేసుకోనక్కర్లేదు, మ్యాక్ ఓఎస్ 12.3 నుంచి యూనివర్సల్ కంట్రోల్ లోపలే ఉంది, రెండింట్లో ఒకే యాపిల్ అకౌంట్ ఉంటే చాలు.

కలవకపోతే ముందు రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా చూడండి, తర్వాత ఫైర్‌వాల్. డెస్క్‌ఫ్లో 24800 పోర్టు వాడుతుంది, దాన్ని అనుమతించాలి. ఆఫీసు వీపీఎన్ ఆన్ చేయగానే తెగిపోతుంటే, ఆ వీపీఎన్ ఇంటి నెట్‌వర్క్‌తో మాట్లాడనివ్వడం లేదని అర్థం, దాన్ని మీరు మార్చలేరు, హార్డ్‌వేర్ దారికి వెళ్లండి. ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. ఈ ప్రోగ్రాములు క్లిప్‌బోర్డ్‌ను కూడా పంచుతాయి, ఆఫీసు లాప్‌టాప్‌లో కాపీ చేసింది మీ సొంత కంప్యూటర్‌లో పేస్ట్ అవుతుంది. కంపెనీ సమాచారం బయటికి వెళ్లడమంటే ఇదే, ఉద్యోగం మీదకు వచ్చే సంగతి. ఐటీ వాళ్లు ఒప్పుకుంటే తప్ప ఆఫీసు మెషీన్‌లో ఇవి వేయకండి, వేసినా క్లిప్‌బోర్డ్, ఫైళ్ల పంపకం ఆపేసి వాడండి.

తెలుగులో టైపు చేసేవాళ్లకు

యూఎస్‌బీ స్విచ్ గానీ కేవీఎం గానీ ఏ మీట నొక్కారన్నది మాత్రమే చెబుతుంది, ఆ మీటకు ఏ అక్షరం అనేది ఆ కంప్యూటర్‌లోని భాష సెట్టింగ్ నిర్ణయిస్తుంది. కాబట్టి తెలుగు కీబోర్డును రెండింట్లోనూ విడివిడిగా పెట్టుకోవాలి. విండోస్ 10 1903 వెర్షన్ నుంచి తెలుగు ఫొనెటిక్ (ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది) కూడా లోపలే వస్తోంది, ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్లకు అది ఎప్పటినుంచో ఉంది. రెండు కంప్యూటర్లలోనూ ఒకే లేఅవుట్ పెట్టుకోండి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే రెండింట్లోనూ భాష మారుతుంది. సాఫ్ట్‌వేర్ పద్ధతిలో అక్షరాలు నెట్‌వర్క్ మీదుగా వెళ్తాయి కాబట్టి రెండువైపులా భాషలు వేరుగా ఉంటే వత్తులు, గుణింతాలు తారుమారయ్యే అవకాశం ఉంది. తెలుగు ఎక్కువగా రాసేవాళ్లకు స్విచ్చే నయం.

పెట్టేశాక చేయాల్సిన చిన్న మార్పులు

లాప్‌టాప్ మూత మూసి పక్కన పెట్టుకోవాలంటే విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మూత మూస్తే ఏం చేయాలన్న చోట చార్జింగ్ ఉన్నప్పుడు డూ నథింగ్ అని పెట్టండి. మ్యాక్‌బుక్ అయితే చార్జర్ పెట్టి ఉంచితే చాలు. మూత మూసి గంటలకొద్దీ వాడేటప్పుడు లాప్‌టాప్‌ను పరుపు మీదో పుస్తకాల మధ్యో పెట్టకండి, గాలి ఆడే చోట నిలబెట్టండి.

మానిటర్‌లో రెండో కంప్యూటర్ కనిపిస్తున్నా మొదటిది మాత్రం మానిటర్ ఇంకా తనదేననుకుంటుంది, దాని విండోలు కొన్ని ఆ కనిపించని తెర మీదే ఉండిపోతాయి. లాప్‌టాప్ తెర మీద వెతికితే దొరకవు. విండోస్ మీట, షిఫ్ట్ పట్టుకుని బాణం మీట నొక్కితే విండో ఈ తెర మీదకు వస్తుంది, లేదా విండోస్ మీట, పీ నొక్కి పీసీ స్క్రీన్ ఓన్లీ ఎంచుకోండి.

ఒక కంప్యూటర్ నిద్రలోకి వెళ్లాక స్విచ్ మార్చి కీబోర్డు నొక్కినా లేవకపోతే, డివైస్ మేనేజర్‌లో కీబోర్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఈ పరికరం కంప్యూటర్‌ను లేపొచ్చు అనే టిక్ పెట్టండి. అప్పటికీ లేవకపోతే ఆ డెస్క్‌టాప్ నిద్రలో ఉన్నప్పుడు యూఎస్‌బీకి కరెంటు ఆపేస్తోందన్నమాట, బయోస్‌లో దానికి సెట్టింగ్ ఉంటుంది. మ్యాక్‌కు, విండోస్‌కు ఒకే కీబోర్డు వాడేవాళ్లు మ్యాక్ కీబోర్డు సెట్టింగ్స్‌లో మాడిఫయర్ కీస్ దగ్గర ఆ కీబోర్డు వరకు కమాండ్, కంట్రోల్ తారుమారు చేసుకుంటే కాపీ, పేస్ట్‌లకు వేళ్లు రెండు అలవాట్లు మోయక్కర్లేదు.

కరెంటు పోయే ఊళ్లో ఉంటే మానిటర్‌తోపాటు స్విచ్ అడాప్టర్‌ను, వైఫై రౌటర్‌ను కూడా యూపీఎస్ లేదా ఇన్వర్టర్ ప్లగ్‌కే పెట్టండి. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నా ఈ మూడూ ఆగిపోతే మీటింగ్ మధ్యలో తెరా ఉండదు, నెట్టూ ఉండదు.